పెదాలు కలవని మాట

ఆ గాలి ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియాలి. పదకొండు ఎపిసోడ్ల పాటు ఆకు కూడా కదలదు. పన్నెండోదాంట్లో డ్యూక్ గారు అసలు మాట చెప్పబోయే క్షణానికి మాత్రం ఎవరో స్విచ్చి వేసినట్టు హోరున వచ్చేస్తుంది, వెంట బస్తాడు పూలరేకులు మోసుకుని. డ్యూక్ పెదాలు కదులుతుంటాయి. మనకు గాలి తప్ప ఏమీ వినిపించదు. గాలి ఆగాక అమ్మాయి కళ్ళు ఇంతింత చేసుకుని "ఏమన్నారు?" అంటుంది. డ్యూక్ మొహం పక్కకు తిప్పుకుని "ఏం లేదు" అంటాడు. సీజన్ అయిపోయింది, ఇళ్ళకు పొండి అని పాట వస్తుంది.

నేను డబ్బింగ్ రచయిత్రిని. పరాయి భాషల్లోంచి వచ్చే అనిమే సీరియళ్ళకు, అంటే బొమ్మల సీరియళ్ళకు, మన మాటలు రాస్తాను. రాస్తాను అనడం కొంచెం గొప్పకు పోవడమే. బొమ్మ పెదాలు ఎన్నిసార్లు తెరుచుకుంటే అన్ని అక్షరాలు ఇవ్వాలి. పెదాలు మూతపడిన చోట ప, బ, మ లలో ఒకటి పడాలి. సాహిత్యం, రసం, తక్కినవన్నీ మిగిలిన జాగాలో సర్దుకోవాలి. పద్నాలుగేళ్ళుగా ఇదే పని కావడంతో నాకో జబ్బు పట్టుకుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మాటలు వినను, పెదాలు లెక్కపెడతాను. మా ఆయన "ఉప్పు తక్కువైంది" అంటే నా బుర్ర "రెండో అక్షరానికి మూత" అని రాసుకుంటుంది. కూర సంగతి తరవాత.

ఈ సీరియల్ పేరు చెప్పడానికి ముందు గుక్కెడు మంచినీళ్ళు తాగాలి. 'ఆఫీసులో ఫైళ్ళు సర్దుతూ కళ్ళు తిరిగి పడిపోయి లేచి చూసేసరికి కథలో విలన్ పిల్లనైపోయాను, చంపేస్తాడనుకున్న మంచు డ్యూక్ పెళ్ళాడతానంటున్నాడేమిటి!' ఇదీ పేరు. కథ కూడా ఇంతే కాబట్టి కొత్తగా చెప్పేదేమీ లేదు. మేము స్టూడియోలో 'మంచు డ్యూక్' అని కత్తిరించుకున్నాం. దీనికి మూలం ఒక మాంగా, కుడినుంచి ఎడమకు చదివే బొమ్మల పుస్తకం. ఆ పుస్తకంలో డ్యూక్ ఎప్పుడు గదిలోకి వచ్చినా వెనకాల గులాబీలు పూస్తాయి, వాటికి నీళ్ళు ఎవరు పోస్తారో తెలియదు. పుస్తకంలో అరపేజీలో అయిపోయిన చూపు అనిమేకి వచ్చేసరికి అర ఎపిసోడ్ తింటుంది. ముందు అతని కన్ను, తరవాత ఆమె కన్ను, తరవాత కొవ్వొత్తి, మళ్ళీ అతనిదే రెండో కన్ను. విలన్ కత్తి దింపుతుంటే అమ్మాయి మనసులో మూడు నిమిషాలు ఆలోచించుకుంటుంది, అంతసేపూ కత్తి మర్యాదగా గాల్లో ఆగుతుంది. వాళ్ళు ఏ సత్రంలో దిగినా ఒకే గది ఖాళీ ఉంటుంది. డ్రాగన్‌ని ఒంటిచేత్తో నరికినవాడికి అమ్మాయి వేలు తగిలితే చెవులు ఎర్రబడతాయి. ఇన్ని చేసినవాడు ఒక్క మాట చెప్పడు. చెప్పేస్తే రెండో సీజన్ ఉండదు కదా.

నా కోపం డ్యూక్ మీద మాత్రమే అయితే ఇంత రాయనక్కర్లేదు. ఆ డ్యూక్‌కి గొంతు ఇచ్చే మనిషి కూడా అదే బాపతు.

ఆయన్ని మేము గంభీరం గారు అంటాం. అరవై దాటాయి. నోరు తెరిస్తే గది అద్దాలు వణుకుతాయి. ముప్ఫై ఏళ్ళలో ఎందరు రాజులో, ఎందరు రాక్షసులో ఆ గొంతులోంచి వచ్చారు. రికార్డింగ్ బూత్ తలుపు తీసుకుని బయటికి వస్తే మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. టీలో పంచదార తక్కువైతే అడగడానికి మొహమాటపడి అలాగే తాగేస్తారు. పెళ్ళెందుకు చేసుకోలేదండీ అంటే "కుదరలేదండీ" అంటారు, బస్సు తప్పిపోయినంత మామూలుగా. జీవితంలో ఎవరినీ 'నువ్వు' అనలేదు. స్టూడియో మెట్ల మీద పడుకునే పిల్లిని కూడా "కాస్త జరగండి" అనే అంటారు. పిల్లి కూడా అంతే మర్యాదగా జరగదు.

ఇక అమ్మాయి గొంతు మా పిన్నిది, మా అమ్మ చెల్లెలు. పిన్నికి యాభై ఎనిమిది. మోకాళ్ళ నొప్పులు, చత్వారం, బాబాయ్ పోయి ఇరవై ఏళ్ళు. గొంతుకు మాత్రం పదహారు. ఫోనులో ఎవరైనా "పాపా, ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఇవ్వమ్మా" అంటే "నేనే పెద్దదాన్ని, చెప్పి ఏడు" అని విసుక్కుంటుంది.

వీళ్ళిద్దరూ మైకు దగ్గర ఒకరినొకరు ప్రేమించుకోవడం మొదలుపెట్టి ముప్ఫై ఒక్క ఏళ్ళు. నా లెక్కలో కనీసం మూడువందల సార్లు పెళ్ళాడారు. మొదట్లో ఒకే మైకు ముందు పక్కపక్కన నిలబడి చెప్పేవారట. తరవాత ఎవరి ట్రాకు వాళ్ళది అయింది. పొద్దున పిన్ని వచ్చి అమ్మాయి మాటలన్నీ చెప్పి వెళ్ళిపోతుంది. మధ్యాహ్నం గంభీరం గారు వచ్చి, హెడ్‌ఫోన్‌లో ఆమె గొంతు వింటూ తన మాటలు చెబుతారు. బూత్‌లో స్క్రిప్టు పెట్టుకునే ఇనుప స్టాండు ఒకటుంది, మెడ దగ్గర మర లూజై నాలుగేళ్ళుగా టేపు మీద బతుకుతోంది. దాని మీద ఒక పెన్సిలు ఉంటుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పిన్ని దాంతో గీతలు పెట్టుకుంటుంది. అది రోజూ పొద్దునకి చెక్కి ఉంటుంది. "ఈ స్టూడియోవాళ్ళు ఎంత శ్రద్ధ" అని పిన్ని చాలా ఏళ్ళు మెచ్చుకుంది. ఈ స్టూడియోవాళ్ళు స్టాండు మరే బిగించరు, పెన్సిలు చెక్కుతారా?

పదో ఎపిసోడ్ అయిన మర్నాడు గంభీరం గారు నన్ను వరండాలో ఆపారు. ఒక నిమిషం నీళ్ళు నమిలారు.

"ఆవిడ 'వెళ్ళొద్దు' అన్న చోట చివర్లో గొంతు రెండుగా చీలిందండీ. నేను మూడుసార్లు విన్నాను. ఓసారి డాక్టరుకి చూపించమని చెప్పండి."

"మీరే చెప్పొచ్చుగా?"

"బాగుండదేమోనండీ."

తీసుకెళ్ళి చూపించాను. స్వరతంత్రుల మీద కాయ. తీసేయాలి, ఆలస్యం చేస్తే మాటే పోవచ్చు అన్నాడు డాక్టరు. తీశాక మాట్లాడగలరు గానీ ఈ గొంతు ఉండదు, కిందికి దిగిపోతుంది అన్నాడు. పిన్ని కాసేపు గోడ మీది గడియారం చూసింది. "మంచు డ్యూక్ పూర్తికానీ" అంది. ఆపరేషను మూడు వారాల తరవాతి సోమవారం అని రాసుకున్నాం. పన్నెండో ఎపిసోడ్ దానికి ముందు శనివారం.

అంటే శనివారం తరవాత పిన్ని స్టూడియోకి రాదు. పదహారేళ్ళ గొంతు లేని మనిషికి అక్కడ పనేముంది? పెన్సిలు చెక్కేవాళ్ళకీ పనుండదు. ఆసుపత్రి నుంచి వస్తూ బస్సులో అడిగేశాను.

"ఆయన అడిగితే ఏమంటావు?"

"ఎవరు?" అని నటించబోయి, నా మొహం చూసి మానేసింది. "అడిగితే కాదంటానా? అడగాలిగా."

"నువ్వే చెప్పెయ్. అడగందే అమ్మయినా పెట్టదు."

"నేను చెప్పను. ఇరవై ఏళ్ళుగా నా ట్రాకే ముందు పడుతోంది. నేను ఒంటరిగా గోడ చూస్తూ ఏడ్చిపోతే, ఆయన తీరిగ్గా మధ్యాహ్నం భోంచేసి వచ్చి ఓదారుస్తాడు. ఈ ఒక్కటీ ఆయన ముందు చెప్పాలి. లేదంటే అక్కర్లేదు."

మా పిన్ని పంతం తెలిసినదాన్ని కనక మళ్ళీ అడగలేదు. మూడు వారాలుంది. ఇలాంటి సన్నివేశాలు రాసి బతుకుతున్నదాన్ని, ఒక్కటి జరిపించలేనా అనుకున్నాను. మా ఆయన నన్ను అడిగింది బస్టాపులో, బస్సు కదులుతుంటే, "మనం చేసేసుకుందామా?" అని. అందుకే నాకు ఈ నాన్చుడు వ్యవహారాలంటే ఒళ్ళుమంట.

మొదట గొడుగు ప్రయోగం చేశాను. ఏ మాంగాలో అయినా వాన వస్తే ఒకే గొడుగు ఉంటుంది, ఇద్దరి భుజాలూ తగులుతాయి, అతని ఎడమ భుజం మాత్రం తడుస్తుంది. మబ్బు పట్టిన రోజు చూసి ఇద్దరినీ కరెక్షన్ల పేరుతో ఒకే సమయానికి పిలిపించి, పిన్ని గొడుగు బీరువాలో దాచేశాను. వాన కూడా సమయానికే పడింది. గంభీరం గారు తన గొడుగు విప్పి పిన్ని చేతిలో పెట్టి, "మీరు వెళ్ళండి" అని, తాను చేతిసంచి నెత్తిన పెట్టుకుని అరవైయేళ్ళ మోకాళ్ళతో వానలో పరిగెత్తారు. పిన్ని గొడుగు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. మర్నాటినుంచి మంచు డ్యూక్‌కి జలుబు. మూడు రోజులు రికార్డింగ్ లేదు.

తరవాత లిఫ్టు. మా లిఫ్టు వారానికోసారి ఆగడం మామూలే, నేను కష్టపడనక్కర్లేదు. ఇద్దరూ ఒకేసారి ఎక్కేలా చూస్తే చాలు. ఎక్కబోయే ముందు పిన్ని కళ్ళజోడు మర్చిపోయానని వెనక్కి వెళ్ళింది. ఆ సందులో చానల్‌నుంచి వచ్చిన అమ్మాయి ఎక్కేసింది. లిఫ్టు నలభై నిమిషాలు ఆగింది. బయటికి వచ్చాక ఆ అమ్మాయి నాతో, "సర్ ఎంత మంచి లిసనరండీ! మా చానల్ స్ట్రాటజీ మొత్తం విన్నారు" అంది. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తాడంటే ఇదే.

ఆ చానల్ అమ్మాయికి మేము పెట్టిన పేరు ఎంగేజ్‌మెంట్. ఏ సీను చూసినా "దీంట్లో ఎంగేజ్‌మెంట్ తగ్గిందండీ" అంటుంది. మొదటిసారి విన్నప్పుడు పిన్ని, "డ్యూక్ ఇంకా నోరే విప్పలేదు, అప్పుడే ఎంగేజ్‌మెంట్ ఎలా అవుతుందమ్మా?" అంది. ఎంగేజ్‌మెంట్‌కి నాకూ మొదటి ఎపిసోడ్‌నుంచి గొడవే. డ్యూక్, అమ్మాయి మొదటినుంచే 'నువ్వు' అనుకోవాలంటుంది. యూత్ అలాగే మాట్లాడతారట. నేను ఒప్పుకోలేదు. చూడమ్మా, వాళ్ళకు గులాబీలున్నాయి, కొవ్వొత్తులున్నాయి, మనకున్నది ఒక్కటే మెట్టు, 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగే మెట్టు. ఆ దిగడంలో సగం ప్రేమకథ ఉంది. దాన్ని మొదటి ఎపిసోడ్‌లోనే పీకేస్తే మిగతా పదకొండు ఎపిసోడ్లు దేనిమీద నడుస్తారు? పదకొండు ఎపిసోడ్లు 'మీరు' అనిపించాను. పన్నెండోదాంట్లో దింపుదామనుకున్నాను.

ఇంతలో ఆఖరి గురువారం ఎంగేజ్‌మెంట్ కొత్త పేచీ తెచ్చింది.

"మేడం, క్లైమాక్స్ ట్రయల్ వేశాం. గాలి సీన్‌లో సగం మంది రిమోట్ తీసుకుని సౌండు పెంచారు. టీవీ పాడైందనుకుంటున్నారు. అక్కడ మనం మాట పెట్టేద్దాం."

"వినపడకపోవడమే ఆ సీను. పుస్తకంలో కూడా ఆ మాటల బెలూను ఖాళీగానే ఉంది. లోకమంతా అతనేమన్నాడని కొట్టుకుచస్తున్నారు."

"కొట్టుకోవడం మంచి ఎంగేజ్‌మెంటే. కానీ టీవీలో సైలెన్స్ ఉండకూడదు."

"సరే, మాట పెడతాం. డ్యూక్ ప్రేమిస్తున్నానని స్పష్టంగా చెబుతాడు. వెంటనే అమ్మాయి 'ఏమన్నారు?' అంటుంది. అది మార్చలేం, పెదాలు కనిపిస్తున్నాయి. అంటే అమ్మాయికి చెవుడా?"

ఎంగేజ్‌మెంట్ ఒక క్షణం ఆలోచించింది. "పర్లేదు మేడం, క్యూట్‌గా ఉంటుంది."

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటారు. చెవిటి నాయిక ముందు ఊదడం ఇదే మొదలు. అయినా కూర్చున్నాను. గాలిలో డ్యూక్ పెదాలు ఇరవైసార్లు తిప్పి చూశాను. తొమ్మిది కదలికలు. మొదటిదానికి పెదాలు గట్టిగా మూతపడతాయి, ఆ తరవాత ఒక్క మూత కూడా లేదు. 'నువ్వు' పట్టదు. ఆ మాటకు పెదాలు గుండ్రమవుతాయి, దగ్గరికొస్తాయి, కలవవు. 'మీరు' అతికినట్టు సరిపోతుంది. పదకొండు ఎపిసోడ్లు దాచుకున్న మెట్టు బొమ్మ పెదాల దగ్గర విరిగిపోయింది. పళ్ళు కొరుక్కుంటూ రాశాను: "మీరు లేని కోట నాకొద్దు." తొమ్మిది. మొదట మూత. సరిపోయింది. ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున పదింటికి ఇద్దరినీ కలిపి రికార్డు చేయాల్సి వచ్చింది. సోమవారం పిన్ని ఉండదు, విడివిడి ట్రాకులకు సమయం లేదు. ఇరవై ఏళ్ళ తరవాత ఇద్దరూ ఒకే బూత్‌లో నిలబడ్డారు. రెండు మైకులు పెట్టారు గానీ స్టాండు ఒకటే, ఇద్దరూ ఒకే కాగితంలోకి వంగి చూడాలి. పెన్సిలు చెక్కి ఉంది. పిన్ని దాన్ని చూసింది, గంభీరం గారు జేబులో పెట్టుకుంటున్న చిన్న చాకునీ చూసింది. కాగితం మీద మొదటి గీత పెట్టుకుంది.

అద్దానికి ఇవతల నేనూ, సౌండు ఇంజనీరూ. ఆయన్ని వన్‌మోర్ గారంటాం. టేకు నచ్చకపోతే మైకు బటన్ నొక్కి "వన్ మోర్" అంటాడు. నచ్చినా అంటాడు. కుర్చీ కిర్రుమన్నా, కాగితం కదిలినా, బయట ఎవరైనా తుమ్మినా, "సౌండ్ పడింది, వన్ మోర్." ఆయన నోట పదేళ్ళలో వేరే మాట విన్నవాళ్ళు లేరు.

ఎపిసోడ్ అంతా సాఫీగా వెళ్ళింది. పిన్ని మధ్యలో రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళు తాగింది. గ్లాసు మూత తీసి ఇచ్చింది ఆయనే. గాలి సీను దగ్గరికి వచ్చాం. రిహార్సల్ మూడుసార్లు అద్భుతంగా చెప్పారు. అద్దాలు వణికాయి.

వన్‌మోర్ రికార్డింగ్ ఎర్రదీపం వేశాడు.

తెరమీద పూలరేకులు లేచాయి. డ్యూక్ పెదాలు మూతపడి తెరుచుకున్నాయి. గంభీరం గారి నోట మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళలో మాట అందుకోవాల్సిన క్యూ ఆయన ఒక్కటీ తప్పలేదు. డ్యూక్ పెదాలు వాటి తొమ్మిదీ అవి ఆడించుకుని వెళ్ళిపోయాయి. ఆయన తెర చూడటంలేదు. పిన్ని వైపు తిరిగారు. చేత్తో స్టాండుని మునిగేవాడు గట్టును పట్టుకున్నట్టు పట్టుకున్నారు. పెదాలు కదిలాయి.

సరిగ్గా అప్పుడే స్టాండు మెడ విరిగింది.

ఇనుము నేలకు తగిలి ఠంగుమంది. హెడ్‌ఫోన్‌లో అది పిడుగే. ఇరవై నాలుగు పేజీల స్క్రిప్టు గాల్లోకి లేచి, ఇద్దరి మధ్యా తీరిగ్గా తిరుగుతూ దిగింది. తలుపు బిగించిన బూత్‌లో గాలి లేకపోతేనేం, కాగితాలే ఎగిరాయి. మాట మాత్రం నాకు వినపడలేదు. అలవాటుగా పెదాలైనా చదువుదామంటే పదిహేడో పేజీ అడ్డం వచ్చింది. నా చేతిలో ఆ స్టాండుగానీ ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. మర బిగించని స్టూడియోవాళ్ళని అయిదు తరాలు తిట్టాను.

వన్‌మోర్ చెయ్యి బటన్ మీదికి వెళ్ళింది. గబుక్కున పట్టుకుని ఆపాను.

బూత్‌లో పిన్ని కళ్ళు పెద్దవి చేసి, పదహారేళ్ళ గొంతుతో, "ఏమన్నారు?" అంది.

గంభీరం గారి మొహం నెమ్మదిగా పక్కకు తిరిగింది. చెవులు ఎర్రబడ్డాయి. నిజంగానే ఎర్రబడతాయని నాకప్పుడే తెలిసింది. "ఏం లే..." అన్నారు.

అయిపోయింది అనుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు, మూడువందల పెళ్ళిళ్ళు, చివరికి ఇంతేనా? సోమవారం ఆసుపత్రికి నేనూ పిన్నీ బస్సులో వెళ్తాం. ఈయన ఇంట్లో పంచదార తక్కువైన టీ తాగుతారు. అంతే.

పిన్ని వంగి పెన్సిలు ఏరుకుంది. లేచి నిలబడి, మోకాలు పట్టుకుని, ఆయన మొహంలోకి చూసింది.

"సౌండ్ పడింది" అంది. "వన్ మోర్."

సీరియల్లో అమ్మాయిలకు ఎందుకు తట్టదో నాకు తెలియదు. గాలి వచ్చింది, వినపడలేదు, ఇంకోసారి చెప్పు. అంతే కదా! డబ్బింగ్‌లో పుట్టి పెరిగినవాళ్ళకు శబ్దం పడితే టేకు పోతుంది గానీ కథ పోదు. మళ్ళీ చెబుతారు. అదే పని.

గంభీరం గారికీ అదే పని. టేకు పోయిందంటే ఎదురు చెప్పడం ఆయనకు తెలియదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, గొంతు సవరించుకున్నారు, మైకుకు దూరంగా జరిగారు. ఈసారి వచ్చింది డ్యూక్ గొంతు కాదు. అద్దాలేమీ వణకలేదు. సన్నగా, కొంచెం బొంగురుగా, టీకొట్టు దగ్గర ఆయన వాడే గొంతు.

"సోమవారం ఆసుపత్రికి నేనూ వస్తాను. మంగళవారం కూడా వస్తాను. ఆ తరవాత ఏ గొంతు వచ్చినా, అసలు రాకపోయినా సరే. నాకు కోట లేదు, రెండు గదులున్నాయి. నువ్వుంటే బాగుంటుంది." ఒక్క క్షణం ఆగి కంగారుపడ్డారు. "నువ్వు అన్నానాండీ? క్షమించండి."

"ఓకే టేక్" అంది పిన్ని. "మళ్ళీ మార్చకండి."

నేను ఏడ్చాను. దాచుకోవడమెందుకు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. పక్కకు చూస్తే వన్‌మోర్ హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. "నేనేం వినలేదండీ" అన్నాడు. పదేళ్ళలో అది రెండో మాట.

అరగంట తరవాత స్టాండుకి కొత్త టేపు చుట్టి, గాలి సీను మళ్ళీ రికార్డు చేశాం. గంభీరం గారు "మీరు లేని కోట నాకొద్దు" అని గుండె కరిగేలా చెప్పారు. పిన్ని "ఏమన్నారు?" అంది. ఆయన "ఏం లేదు" అన్నారు. ఈసారి ఇద్దరికీ నవ్వాగక ఆరు టేకులు పట్టింది. అదే ప్రసారమైంది. నాయికకు చెవుడు ఎప్పుడు వచ్చిందో చెప్పాలంటూ చానల్‌కి ఉత్తరాల మీద ఉత్తరాలు. ఎంగేజ్‌మెంట్ ఫోన్ చేసి, "మేడం, రికార్డు రెస్పాన్స్! రెండో సీజన్‌లో చెవి ఆపరేషన్ ట్రాక్ పెట్టమని అడుగుతున్నారు" అంది.

మా ఆపరేషను సోమవారం అయింది. పది రోజులు పెదవి విప్పకూడదన్నాడు డాక్టరు. పిన్నికి ఒక పలక లాంటి అట్ట ఇచ్చారు, రాసి చూపించడానికి. గంభీరం గారు రోజూ పెన్సిలు చెక్కి ఇచ్చేవారు. ఆమె రాసేది, ఆయన చదివి నోటితో జవాబు చెప్పేవారు. పది రోజుల్లో ఆయన మాట్లాడినంత ముప్ఫై ఏళ్ళలో మాట్లాడి ఉండరు. మళ్ళీ 'మీరు'లోకే వెళ్ళిపోయారు పాపం, అలవాటు అంత తొందరగా పోతుందా. పిన్ని అట్ట మీద 'మార్చకండి అన్నానా' అని పెద్ద అక్షరాలతో రాసి చూపించేది.

పదకొండో రోజు నేను పళ్ళు కొనుక్కుని వెళ్ళేసరికి గది తలుపు వేసి ఉంది. తలుపులో చిన్న అద్దం. డాక్టరు అప్పుడే వెళ్ళిపోయాడు. ఇక మాట్లాడచ్చని చెప్పినట్టున్నాడు, అట్ట కిందపెట్టి ఉంది. పిన్ని దిండుకు ఆనుకుని కూర్చుంది. గంభీరం గారు కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, క్యూ కోసం ఎదురుచూసే మనిషిలా ఉన్నారు. ఆయన ట్రాకు ముందే పడింది. ఇక ఆమెది.

పిన్ని పెదాలు కదిలాయి. కొత్త గొంతు ఎలా ఉందో ఇవతలికి వినపడలేదు. తలుపు తోయబోయి ఆగాను, అలవాటుగా పెదాలు చూశాను. మొదటి అక్షరానికి గుండ్రమయ్యాయి. రెండోదానికి దగ్గరికి వచ్చాయి. కలవలేదు.

'మీరు' కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి, 'మీరు' కాదు.

గంభీరం గారు "ఏమన్నారు?" అని అడగలేదు. ఆయనకు వినపడింది. నేను పళ్ళ సంచి పట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చున్నాను.